ఆడింది వాళ్లు, గెలిచింది 'మనం': దేశం పట్ల గర్వం ఎలా పుడుతుంది?

మైదానంలో చెమటోడ్చింది పదకొండు మంది. టీవీ ముందు కూర్చున్న మనిషి మాత్రం "మనం గెలిచాం!" అంటూ లేచి గంతేస్తాడు. అతను బంతిని తాకలేదు, ఆ ఆటగాళ్లలో ఒక్కరితోనూ అతనికి పరిచయం లేదు. వాళ్లు ఓడిపోయిన రోజు అదే నోటి నుంచి "వాళ్లు సరిగ్గా ఆడలేదు" అన్న మాట వస్తుంది. ఒక్క రాత్రిలో 'మనం' కాస్తా 'వాళ్లు' అయిపోయింది.

ఇది ఎవరో ఒకరి బలహీనత కాదు. రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థుల మీద చేసి 1976లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇదే కనిపించింది. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారాంతం తర్వాత, సోమవారం నాడు కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్లు పెరిగేవారు. ఫోన్ చేసి ఆట గురించి అడిగితే, గెలిచినప్పుడు 'మేం గెలిచాం' అనేవాళ్లు, ఓడినప్పుడు ఆ 'మేం' తగ్గిపోయేది. ఇంకో విషయం ఉంది. ఫోన్‌లోనే ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టి "మీకు మార్కులు బాగా రాలేదు" అని చెప్పిన వాళ్లలో ఈ తేడా మరింత ఎక్కువ. సొంతంగా చిన్నబోయిన మనిషి గుంపు గెలుపుని గట్టిగా పట్టుకుంటాడన్నమాట.

దేశం పట్ల గర్వం గురించి ఎప్పుడు వాదన మొదలైనా రెండు వేర్వేరు విషయాలు కలిసిపోవడం చూస్తుంటాం. ఒకటి, నేను ఈ సమూహంలో మనిషిని అన్న భావన. రెండోది, ఈ సమూహం గొప్పది అన్న భావన. మొదటిది లేకుండా రెండోది రాదు. రెండోది లేకపోయినా మొదటిది ఉండగలదు. చాలా గొడవలకు మూలం ఈ తేడా చూడకపోవడమేనని నా నమ్మకం.

## మాటల దగ్గరే మొదలయ్యే తికమక

రాజ్యం అంటే చట్టాలు చేసే, పన్నులు వసూలు చేసే, సరిహద్దులు కాపాడే వ్యవస్థ. ప్రభుత్వం అంటే ఆ వ్యవస్థను కొంతకాలం నడిపే మనుషులు. జాతి అంటే 'మనమంతా ఒకటి' అనుకునే జనం. దేశం అనే మాట వాడుకలో ఈ మూడింటినీ, వాటితోపాటు నేలనూ కలిపి మోస్తుంది. అందుకే ప్రభుత్వాన్ని విమర్శిస్తే దేశాన్ని తిట్టినట్టు కొందరికి వినిపిస్తుంది.

జాతి, రాజ్యం ఒకటి కావని చెప్పడానికి కుర్దుల ఉదాహరణ చాలు. టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియాల్లో పరుచుకుని ఉన్న వాళ్లకు తామంతా ఒకటన్న భావన ఉంది, సొంత రాజ్యం లేదు. స్విట్జర్లాండ్‌ది మరో తీరు. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాంష్ అనే నాలుగు భాషలు మాట్లాడుతూనే అక్కడి వాళ్లు తమను ఒకే దేశస్థులుగా చెప్పుకుంటారు.

ఇక గర్వం. తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. "నిన్ను చూస్తే గర్వంగా ఉంది" అంటే మెచ్చుకోలు, "వాడికి గర్వం తలకెక్కింది" అంటే తిట్టు. ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో చెప్పాలంటే ఇంకో మాట కావాలి, అభిమానం. అభిమానం అంటే ఇష్టం, ఆత్మగౌరవం కూడా. దేశాభిమానం అన్న మాటలో పక్కవాడి ఊసే లేదు. 'మా దేశమే గొప్ప' అన్న మాటలో మాత్రం పక్కవాడు ఉండి తీరాలి, ఎందుకంటే గొప్ప అనేది పోలికలోంచి వచ్చేది.

తెలుగు మనకు ఇంకో సాయం కూడా చేస్తుంది. ఇంగ్లిష్‌లో 'వి' అన్న ఒక్క మాటే ఉంది. మనకు రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకుంటే 'మనం', పక్కన పెడితే 'మేము'. సమూహ భావన ఎప్పుడు ఆదరణ అవుతుందో, ఎప్పుడు గోడ అవుతుందో ఈ రెండు మాటలతో తేలిగ్గా పట్టుకోవచ్చు.

## గుంపు కట్టడానికి ఎంత కావాలి?

చాలా తక్కువ కావాలని తేల్చినవాడు హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యంలో చేరి జర్మన్లకు బందీగా చిక్కాడు. యుద్ధం ముగిసి బయటికి వచ్చేసరికి తన కుటుంబంలో దాదాపు అందర్నీ నాజీలు చంపేశారు. సాటి మనుషులు 'మేము', 'వాళ్లు'గా ఎలా విడిపోతారన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాళ్లతో ఆయన ప్రయోగాలు చేశాడు. పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఏది నచ్చిందో దాన్నిబట్టి రెండు జట్లు చేస్తున్నామని చెప్పారు. నిజానికి జట్లు ఇష్టం వచ్చినట్టు కలిపినవే. ఎవరు ఏ జట్టులో ఉన్నారో ఒకరికొకరికి తెలియదు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పేర్లు లేకుండా అంకెలతో గుర్తించిన ఇతరులకు పాయింట్లు పంచమన్నారు. ఆ పాయింట్ల లెక్కనే చివర్లో డబ్బు ఇస్తారు. పంచేవాడికి మాత్రం అందులోంచి ఏమీ రాదు.

వాళ్ల ముందు పెట్టిన ఎంపికలు ఇలా ఉండేవి. తన జట్టువాడికి 19 ఇస్తే అవతలి జట్టువాడికి 25 పోతాయి. ఇద్దరికీ చెరి 13 ఇవ్వొచ్చు. లేదా తనవాడికి 7, అవతలివాడికి 1 ఇవ్వొచ్చు. తనవాడి మేలే కోరేవాడైతే 19 ఎంచుకోవాలి. న్యాయం కోరేవాడైతే 13. కానీ కుర్రాళ్ల మొగ్గు మూడో వైపు కనిపించింది. పూర్తిగా ఆ చివరకు పోలేదు, న్యాయం కూడా వాళ్లని ఇటు లాగింది. అయినా తనవాడికి కొన్ని తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడి కంటే ఎక్కువ రావాలి అన్న వైపే జరిగారు. అప్పుడే పుట్టిన, చరిత్ర లేని, శత్రుత్వం లేని జట్టు కోసం.

ఇది చదివి మనుషుల మీద విసుగు రావచ్చు. నాకు మాత్రం ఇందులో కనిపించేది ఆకలి. చేరాలన్న ఆకలి. బయటికి నెట్టేస్తే మనిషి ఎంత విలవిల్లాడతాడో చూపించిన ప్రయోగం ఒకటుంది. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే చిన్న ఆట. కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు బంతి వేయడం మానేస్తారు. అంతే, అంతకుమించి ఏమీ జరగదు. అయినా ఆడిన వాళ్ల మనసు నొచ్చుకుంది. 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆ మిగతా ఇద్దరూ కు క్లక్స్ క్లాన్ అనే జాతివిద్వేష సంస్థ మనుషులని చెప్పి ఆడించారు. అలాంటి వాళ్లు వెలివేసినా బాధ తగ్గలేదు. అసహ్యించుకునే గుంపు కూడా మనల్ని వద్దంటే నొప్పి పుడుతుంది. అలాంటిది పుట్టి పెరిగిన నేల వద్దంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

## ఎన్నడూ చూడని కోట్ల మంది 'మనవాళ్లు' ఎలా అయ్యారు?

కుటుంబం, ఊరు, బడి లాంటి సమూహాల్లో ముఖాలు తెలుసు. దేశంలో తెలియవు. అతి చిన్న దేశంలో కూడా ఒక మనిషి తన తోటి పౌరుల్లో ఎక్కువమందిని జీవితంలో ఒక్కసారైనా కలవడు. అయినా వాళ్లతో బంధం ఉందనుకుంటాడు. బెనెడిక్ట్ ఆండర్సన్ అనే పండితుడు 1983లో దీన్నే 'ఊహలో నిర్మించుకున్న సముదాయం' అన్నాడు. ఊహ అంటే అబద్ధం అని ఆయన అర్థం కాదు. ఒకే భాషలో అచ్చైన వార్తాపత్రికను ఒకే పొద్దున వేలమంది చదువుతున్నారన్న ఎరుక, ముఖం తెలియని ఆ పాఠకుల్ని ఒకరికొకరు అయినవాళ్లని చేసిందని ఆయన వివరణ.

ఈ అల్లిక ఎంత కొత్తదో ఫ్రాన్స్‌ని చూస్తే తెలుస్తుంది. 1794లో గ్రెగ్వార్ అనే మతాధికారి విప్లవ ప్రభుత్వానికి భాషల మీద ఒక నివేదిక ఇచ్చాడు. కనీసం అరవై లక్షల మందికి ఫ్రెంచ్ రాదు, దాన్ని శుద్ధంగా మాట్లాడేవాళ్లు ముప్పై లక్షలు మించరు అని అందులో ఉంది. ఇవాళ భాషనే తమ గర్వానికి గుర్తుగా చూసే దేశం సంగతి ఇది. బడి, సైన్యం, రైలు, పత్రిక కలిసి ఆ తర్వాతి తరాల్లో 'ఫ్రెంచివాళ్ల'ను తయారు చేశాయి. ఆ క్రమంలో ప్రాంతీయ భాషలు మాట్లాడిన పిల్లలు బళ్లలో శిక్షలు తిన్నారు. ఒక 'మనం' పుట్టడానికి చాలా చిన్న చిన్న 'మనం'లు మూల్యం చెల్లించాయి.

దేశానికి పునాది భాషా కాదు, రక్తమూ కాదు అని గట్టిగా చెప్పినవాడు ఎర్నెస్ట్ రెనాన్ అనే ఫ్రెంచ్ పండితుడు. 1882 మార్చిలో పారిస్‌లోని సోర్బోన్‌లో ఇచ్చిన ప్రసంగంలో, జాతి అంటే ప్రతిరోజూ జరిగే జనాభిప్రాయ సేకరణ లాంటిదన్నాడు. కలిసి పంచుకున్న జ్ఞాపకాలు ఒకవైపు, ఇకముందూ కలిసే బతుకుదామన్న కోరిక మరోవైపు. అదే ప్రసంగంలో ఆయన ఇంకో చేదు మాట కూడా అన్నాడు. జాతి నిలబడాలంటే మరపు కూడా కావాలి, పాత నెత్తుటి గాయాల్ని జనం మరిచిపోయి ఉండాలి అని. ఈ రెండో మాట దగ్గరకు మళ్లీ వద్దాం.

రెనాన్ చెప్పిన ఆ కోరిక కళ్లకు కనబడిన రోజు 1989 ఆగస్టు 23. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అప్పటికి సోవియట్ యూనియన్‌లో భాగాలు. సరిగ్గా యాభై ఏళ్ల కిందట, 1939లో హిట్లర్, స్టాలిన్‌ల ప్రభుత్వాలు రహస్య ఒప్పందంతో ఈ ప్రాంతాన్ని పంచుకున్న రోజది. ఆ సాయంత్రం ఎస్తోనియా రాజధాని టాలిన్ నుంచి లాత్వియా రాజధాని రీగా మీదుగా లిథువేనియా రాజధాని విల్నియస్ దాకా, ఆరు వందల కిలోమీటర్లకు పైగా, సుమారు ఇరవై లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఎవరినీ కొట్టలేదు, దేన్నీ తగలబెట్టలేదు. పక్క మనిషి చెయ్యి పట్టుకుంటే చాలు, ఆ గొలుసు రాజధాని దాకా వెళ్తుందని ప్రతి ఒక్కరికీ తెలుసు. పైగా అది ఒక్క జాతి గొలుసు కాదు, మూడు దేశాలదీ కలిపి.

జాతీయ గర్వం అనగానే యుద్ధం, ద్వేషం అని మాత్రమే చెప్పేవాళ్లు ఈ గొలుసుని లెక్కలోకి తీసుకోరు. అది సరికాదు.

## మంచి గర్వం, చెడ్డ గర్వం: ఈ విభజన నిలుస్తుందా?

పరిశోధకులు చాలాకాలంగా ఒక గీత గీస్తున్నారు. కాస్టర్‌మన్, ఫెష్‌బాక్ 1989లో దేశభక్తిని, జాతీయవాదాన్ని విడివిడిగా కొలిచి చూపారు. తన దేశాన్ని ప్రేమించడం ఒక కొలమానం. తన దేశం మిగతావాటి మీద పైచేయిగా ఉండాలనుకోవడం మరొకటి. రెండూ కొంత ముడిపడి ఉన్నా ఒకటి కావు. ఒకటి ఎక్కువగా ఉన్న మనిషిలో రెండోది తక్కువగా ఉండొచ్చు.

పదేళ్ల తర్వాత షాట్జ్, స్టాబ్ తదితరులు ఇంకో తేడా చెప్పారు: గుడ్డి దేశభక్తి, నిర్మాణాత్మక దేశభక్తి. దీన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక దేశంలో జైళ్లలో ఖైదీలను హింసిస్తున్నారని నివేదిక వచ్చిందనుకోండి. ఆ దేశాన్ని ప్రేమించే ఇద్దరు దాన్ని చదివారు. మొదటి మనిషి, "మన పరువు తీయడానికి ఎవరో కుట్ర పన్నారు, ఇది రాసినవాళ్లు దేశద్రోహులు" అన్నాడు. రెండో మనిషి, "ఇది నిజమైతే మన పేరు మీద జరిగింది, సరిదిద్దాలి" అన్నాడు. ఇద్దరూ నొచ్చుకున్నారు, ఇద్దరి నోటా 'మన' వచ్చింది. ఒకరికి పరువు పోయిందన్న బాధ, మరొకరికి తప్పు జరిగిందన్న బాధ.

మొదటి మనిషి లోపల ఏముందో గోలెట్స్ డి జవాలా అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధన కొంత చెబుతుంది. దాన్ని 'సామూహిక ఆత్మారాధన' అనుకోవచ్చు. మా సమూహం అసాధారణమైనది, కానీ ప్రపంచం మాకు తగిన గుర్తింపు ఇవ్వడం లేదు అన్న నమ్మకం. గర్వం కంటే ఇందులో ఎక్కువగా ఉన్నది కొరత. అందుకే చిన్న విమర్శ కూడా పెద్ద అవమానంలా తగులుతుంది. చాల్డీనీ పరీక్షలో తక్కువ మార్కులని చెప్పించుకున్న విద్యార్థులు ఇక్కడ గుర్తుకొస్తారు.

ఈ విభజనకు గట్టి అభ్యంతరం ఉంది. మైకేల్ బిలిగ్ అనే బ్రిటిష్ పండితుడు 1995లో అడిగిన ప్రశ్న అది. 'మాది దేశభక్తి, వాళ్లది జాతీయవాదం' అని చెప్పుకోవడం అందరికీ అలవాటే, మరి ఈ గీత ఎవరు గీస్తున్నారు? ఉద్రేకంతో ఊపే జెండా గురించే మాట్లాడతాం కానీ, ఎవరూ పట్టించుకోకుండా కార్యాలయం మీద వేలాడే జెండా, 'స్వదేశం', 'విదేశం' అని పేజీలు విడదీసే వార్తాపత్రిక కూడా రోజూ జాతిని గుర్తుచేస్తూనే ఉంటాయి. వేడి జాతీయవాదం గాల్లోంచి ఊడిపడదు, ఈ చల్లటి రోజువారీ అలవాటు లోంచే మంట అందుకుంటుందని ఆయన వాదన. నాకు ఇది చాలావరకు నిజమనిపిస్తుంది. కానీ అగ్గి ఉన్న ప్రతి పొయ్యీ ఇంటిని కాల్చదు కదా. గీత కష్టమని చెప్పడం వేరు, గీతే లేదనడం వేరు.

కొలతల్లోనూ ఇదే చిక్కు. వరల్డ్ వాల్యూస్ సర్వే అడిగే ప్రశ్న సాదాసీదాది: మీ దేశ పౌరుడిగా మీకు ఎంత గర్వంగా ఉంది? జవాబులు 'చాలా' నుంచి 'అస్సలు లేదు' వరకు. ఇంటర్నేషనల్ సోషల్ సర్వే ప్రోగ్రామ్ మాత్రం దేన్ని చూసి గర్వం అని విడదీసి అడుగుతుంది. చరిత్రా, సైన్యమా, క్రీడలా, విజ్ఞానమా, ప్రజాస్వామ్యం పనిచేసే తీరా, అన్ని వర్గాలనూ సమానంగా చూడడమా అని. మొదటి ప్రశ్నకు 'చాలా' అని ఒకే జవాబిచ్చిన ఇద్దరు, రెండో రకం ప్రశ్నల దగ్గర పూర్తిగా విడిపోవచ్చు. ఒకరికి సైన్యం, మరొకరికి సమానత్వం. కాబట్టి 'ఫలానా దేశంలో గర్వం తగ్గిపోయింది' అన్న వార్త కనబడితే, ఏ ప్రశ్న అడిగారో ముందు చూడాలి.

## అసలు గర్వమే అక్కర్లేదన్న వాళ్లు

జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ పందొమ్మిదో శతాబ్దంలోనే, గర్వాలన్నింటిలోకీ చవకైనది జాతీయ గర్వమన్నాడు. తనంతట తాను గర్వపడడానికి ఏమీ లేనివాడు లక్షలమందితో పంచుకునే దాన్ని పట్టుకుంటాడని ఆయన మాట. పుట్టుక మన ప్రయత్నం కాదు, దానికి గర్వమేమిటి అన్న ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తుంది. 1994లో అమెరికన్ తత్వవేత్త మార్థా నస్‌బామ్ ఇంకో దారిలో వచ్చింది: మన తొలి విధేయత మానవాళి మొత్తానికి ఉండాలి, సరిహద్దు అనేది నైతికంగా యాదృచ్ఛికం. తర్వాతి కాలంలో ఆమే తన వాదనను మెత్తబరిచి, సరైన విలువలతో ముడిపడిన దేశభక్తికి చోటుందని రాసింది.

అవతలి వైపు బ్రిటిష్ రాజకీయ తత్వవేత్త డేవిడ్ మిల్లర్ లాంటివాళ్లున్నారు. ఎన్నడూ చూడని రోగి వైద్యానికి, ఎవరో తెలియని పిల్లల చదువుకి నేను పన్ను ఎందుకు కట్టాలి? చట్టం భయం ఒక్కటే ఇంత పెద్ద ఏర్పాటును ఎన్నాళ్లూ మోయలేదు, వాళ్లు మనవాళ్లన్న భావన కావాలి అంటారు వీళ్లు. షోపెన్‌హావర్ మాట పదునైనదే, కానీ అది గొప్ప గురించి. మిల్లర్ మాట బాధ్యత గురించి. ఇద్దరూ ఒకే విషయం మీద వాదిస్తున్నారని అనుకోవడం వల్లే ఈ చర్చ ఎప్పటికీ తేలనట్టు కనబడుతుంది.

## వార్సాలో మోకరిల్లిన ప్రధాని

రెనాన్ చెప్పిన మరపు దగ్గరకు వద్దాం. గర్వపడడానికి మరపు తప్పనిసరా?

1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీలో ప్రధానితో సమానమైన ఛాన్సలర్ పదవిలో ఉన్న విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సాలో ఉన్నాడు. నాజీలపై తిరగబడి చనిపోయిన యూదుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచాడు. కార్యక్రమం అక్కడితో అయిపోవాలి. ఆయన తడి నేల మీద మోకరిల్లి, మాట్లాడకుండా అలాగే ఉండిపోయాడు. నిజానికి బ్రాంట్ వ్యక్తిగతంగా సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన ఏడాదే దేశం విడిచి వెళ్లి నాజీలకు వ్యతిరేకంగా పనిచేసినవాడు. తాను చేయని నేరానికి 'మనం' అన్నాడు. చేయని గెలుపుకి 'మనం' అనడం అందరికీ వచ్చు. ఇది దాని అవతలి ఒడ్డు.

ఆ రోజుల్లో జర్మన్ పత్రిక డెర్ ష్పీగెల్ జరిపిన సర్వేలో 41 శాతం మంది ఆ పని సబబే అన్నారు, 48 శాతం అతి అన్నారు. దేశం తల దించాడని నిందించినవాళ్లున్నారు. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. తర్వాతి తరాల జర్మన్లలో చాలామంది తమ దేశాన్ని తలుచుకుని గర్వపడే దృశ్యాల్లో అదొకటి. సిగ్గు దాచుకోకుండా ఒప్పుకున్న క్షణమే గర్వకారణమైంది.

## 'మనం'లో చోటు దొరకని వాళ్లు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక మనిషి దేశాన్ని తనదనుకోవడం గురించి. దేశం ఆ మనిషిని తనవాడనుకుంటుందా అన్నది మిగిలిన సగం.

1990లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబిట్ వలస కుటుంబాలకు ఒక పరీక్ష పెట్టాడు: క్రికెట్‌లో మీరు ఏ జట్టుకు కేరింతలు కొడతారు? ఈ పరీక్ష మనసులో ఒక్క కుర్చీయే ఉంటుందనుకుంటుంది. తల్లిని ప్రేమించేవాడు తండ్రిని ప్రేమించకూడదన్నట్టు. పుట్టిన దేశం జట్టుకు చప్పట్లు కొట్టిన మనిషి, మర్నాడు ఉదయం తాను బతుకుతున్న దేశంలో ఓటు వేసి, రక్తదానం చేసి, పిల్లల్ని అక్కడి బడికే పంపుతాడు. ఏది అసలు పరీక్ష?

విధేయత నిరూపించుకున్నా చోటు దొరకని కథ అమెరికాలోని జపనీయ సంతతిది. 1942లో మొదలుపెట్టి సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. అదే సమయంలో ఆ సంతతి యువకులతో ఏర్పాటైన 442వ రెజిమెంట్ ఇటలీ, ఫ్రాన్స్‌లలో అమెరికా జెండా కింద పోరాడింది. దాని పరిమాణంతో పోలిస్తే అమెరికా సైనిక చరిత్రలోనే అత్యధిక పతకాలు పొందిన దళాల్లో ఒకటిగా నిలిచింది. కొడుకు యుద్ధరంగంలో, తల్లిదండ్రులు కంచె వెనుక. వాళ్లు 'మనం' అన్నారు, దేశం 'మేము' అంది.

1988లో అమెరికా చట్టం చేసి క్షమాపణ చెప్పింది. జాతివివక్ష, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం ఇందుకు కారణాలని ఆ చట్టంలోనే రాసుకుంది. బతికున్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్లు ఇవ్వాలని నిర్ణయించింది. మొదటి చెక్కులు 1990 అక్టోబరులో వాషింగ్టన్‌లో, బాధితుల్లో అందరికంటే పెద్దవాళ్లకు అందించారు. వాళ్లలో కొందరు చక్రాల కుర్చీల్లో వచ్చారు. వాళ్లలో ఒకరి వయసు 107 ఏళ్లు. చెక్కు అందించాల్సిన అటార్నీ జనరల్ వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.